దూరంతో పాటు పెంటలో తడి కూడా చూడాలి

సంపాదకులకు,

కోళ్ల ఫారాల కంపు మీద ఊళ్లో గొడవ లేచినప్పుడల్లా అధికారులు వచ్చి దూరం కొలిచి వెళ్తున్నారు. 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం తర్వాత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాల్లో ఫారానికీ నివాస ప్రాంతానికీ మధ్య 500 మీటర్లు, చెరువులు, కాలువలు, తాగునీటి వనరులకు 100 మీటర్లు ఎడం ఉండాలన్నారు. ఒకేచోట 25,000 కోళ్లు దాటితే అనుమతి కూడా తీసుకోవాలి. మంచిదే. అయితే పంజరాల కింద పెంట తడిగా ఉంటే, గాలి ఇటు తిరిగిన రోజున ఆ 500 మీటర్లు ఏ మూలకూ చాలవు.

గుడ్ల కోడి రోజుకు 100 గ్రాములకు తగ్గకుండా రెట్ట వేస్తుంది. 50,000 కోళ్లుంటే రోజుకు 5 టన్నులు, అందులో ముప్పాతిక వంతు నీరే. అది త్వరగా ఆరిపోతే పెద్దగా వాసన రాదు. ఆరకపోతే అందులోని యూరిక్ ఆమ్లం అమ్మోనియాగా మారుతుంది, పైగా ఎండాకాలంలో వారం పది రోజులకే కొత్త ఈగలు లేస్తాయి. ఆరకపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవే: కారుతున్న నిపుల్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టం మొన), జల్లు కొట్టే చూరు, షెడ్డు కన్నా మెరకగా ఉన్న బయటి నేల, మేతలో ఉప్పు ఎక్కువై కోళ్లు నీళ్లు అతిగా తాగడం. గుప్పెడు పెంట తీసి పిడికిట్లో నొక్కితే చాలు, ముద్ద కట్టిందంటే తడి ఎక్కువున్నట్టే.

తనిఖీ అనగానే సున్నం చల్లేస్తారు. చూడటానికి తెల్లగా, శుభ్రంగానే ఉంటుంది! కానీ తడి పెంట మీద సున్నం పడితే క్షారగుణం పెరిగి అమ్మోనియా ఇంకా ఎగదన్నుతుంది. సూపర్ ఫాస్ఫేట్ చల్లితే అమ్మోనియాను కొంత పట్టి ఉంచుతుంది, ఎరువుకూ బలం. అన్నిటికన్నా ముందు కారే నిపుల్ మార్చాలి.

తనిఖీ వేళ కూడా మారాలి. గాలి ఆడని తెల్లవారుజామున కంపు నేలబారుగా ఊళ్లోకి పాకుతుంది, అధికారులేమో ఎండెక్కాక వస్తారు.

ఇక లేఅవుట్ల సంగతి. ఎప్పటినుంచో ఉన్న ఫారం పక్కనే ప్లాట్లు వేసి అమ్మి, ఇళ్లు లేచాక ఫారం ఎత్తేయమనడం న్యాయం కాదు. లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడే 500 మీటర్ల లోపు ఉన్న ఫారాలను పంచాయతీ, టౌన్ ప్లానింగ్ అధికారులు ప్లానులో గుర్తించి, ఆ మేరకు ప్లాట్లు ఆపాలి. ఫారం అనుమతి పునరుద్ధరించేటప్పుడు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వానాకాలంలో ఒకసారి షెడ్డు కింది పెంట తడిని పరీక్షించి ఆ అంకెను ఫైల్లో రాయాలి.

– పౌల్ట్రీ పశువైద్యుడు, తూర్పు గోదావరి జిల్లా