శేఖరానికి: ఎట్టకేలకు సైకిలు కొన్నాను

ప్రియమైన శేఖరానికి,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైనందుకు ముందుగా క్షమించు. పరీక్షలు పూర్తయ్యాయి, గది మారాను, ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారు. ఈ కబుర్లకు ఇవాళ్టికి ఈ ఒక్క వాక్యం చాలు. అసలు సంగతి ఏమిటంటే, నేను సైకిలు కొన్నాను. గేర్లు లేనిది, ఒకరు వాడినది, ముదురు ఆకుపచ్చ రంగుది. దాన్ని ఎలా ఎంచుకున్నానో మొదటినుంచి చివరిదాకా నీకు చెప్పేవరకు నా మనసు నిలిచేలా లేదు. పైగా నువ్వు కూడా త్వరలో విశ్వవిద్యాలయంలో చేరబోతున్నావు, తక్కువ ఖర్చులో ఎలాంటి సైకిలు తీసుకోవాలని అడిగి కూడా ఉన్నావు. ఇది మన పాత సైకిలు ‘మహారాజు’ వంటిది కాదని మాత్రం ముందే చెబుతున్నాను. దీనికి గంట మోగుతుంది, మలుపు దగ్గర ఎవరూ దిగి మర్యాద చేయనక్కరలేదు.

గేర్లు ఎందుకు వద్దనుకున్నానో మొదట చెప్పనివ్వు. విశ్వవిద్యాలయ ఆవరణలో మన ప్రయాణాలన్నీ చిన్నవే. వసతిగృహం నుంచి తరగతికి, అక్కడినుంచి గ్రంథాలయానికి, మళ్ళీ ప్రయోగశాలకు వెళ్ళి రావడమే. వెళ్ళిన ప్రతిచోటా దిగి, తాళం వేసి, ఎండలోనో వానలోనో గంటలకొద్దీ దాన్ని వదిలేస్తాము. సైకిళ్ళు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉండే స్టాండులో నుంచి మన దాన్ని లాగేటప్పుడు, వెనక చక్రం పక్కన వేలాడే గేరు మార్చే యంత్రమే అన్నిటికంటే ముందు వంగిపోతుంది. అది ఏమాత్రం వంగినా గొలుసు ఒక పళ్ళచక్రం మీద నిలవదు. ఇంతకంటే పెద్ద కారణం డబ్బు. ఒకే తక్కువ ధరకు గేర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు ఉన్న సైకిలు ఒకటి, ఏమీ లేని సైకిలు ఒకటి దొరుకుతున్నాయంటే, మొదటిదానిలో ఆ అదనపు సామాను ఖర్చును బ్రేకుల్లోనో, చక్రాల్లోనో, బేరింగుల్లోనో తగ్గించి ఉంటారు. చౌక సైకిలులో అదనంగా కనిపించే ప్రతి భాగం, అవసరమైన మరొక భాగపు నాణ్యతను తినేసి అక్కడికి వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చక్రం సంగతి కూడా ఉన్నది. పక్కపక్కన ఆరేడు పళ్ళచక్రాలు పట్టాలంటే వెనక హబ్బుకు, అంటే చక్రం నడిమి గుబ్బకు, కుడివైపు చోటు కావాలి కనుక, ఆవైపు ఊచలు నిటారుగా, చాలా బిగువుగా ఉంటాయి. ఎడమవైపువి వదులుగా మిగులుతాయి. ఒక్క పళ్ళచక్రమే ఉంటే రెండు వైపులా ఊచల బిగువు దాదాపు సమానంగా ఉండి, గుంటల్లో పడినా చక్రం తొందరగా వంకర తిరగదు. పుస్తకాల సంచీ వీపున వేసుకొని రోజంతా తిరిగే మనకు ఇది చిన్న లాభం కాదు.

ఇక కొనడానికి బయలుదేరిన సంగతికి వస్తాను. నా ముందు రెండు సైకిళ్ళు నిలిచాయి. ఒకటి దుకాణంలో కొత్తది. సన్నని టైర్లు, తెల్లని చట్రం, నారింజ రంగు రిమ్ములు. చూడగానే చెయ్యి వేసి నిమరాలనిపించే అందం దానిది. రెండవది, చదువు ముగించుకొని వెళ్ళిపోతున్న ఒక విద్యార్థి అమ్ముతున్న ఈ ఆకుపచ్చ సైకిలు. ఉక్కు చట్రం మీద అక్కడక్కడ రంగు రాలి ఉన్నది, సీటు అంచు చిరిగి ఉన్నది. ధరలో పెద్ద తేడా లేదు. నువ్వు పక్కన ఉంటే నిర్ణయం నిమిషంలో తేల్చేసేవాడివి. నీకు నారింజ రంగు అంటే ఎంత ప్రాణమో నాకు తెలియనిది కాదు, ఆ చొక్కా ఇంకా ఉన్నదా?

నేను మాత్రం పళ్ళు లెక్కపెట్టాను. ముందు పళ్ళచక్రం మీద ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ లెక్కపెట్టడం చాలా సులభం. కొత్తదానికి ముందు 46, వెనక 16 పళ్ళు. పాతదానికి ముందు 44, వెనక 18. వెనక పళ్ళతో ముందు పళ్ళను భాగిస్తే, పెడలు ఒక్క చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. కొత్తది దాదాపు 2.9, పాతది దాదాపు 2.4. దాన్ని చక్రం చుట్టుకొలతతో గుణిస్తే, ఒక్క చుట్టు తొక్కుడుకు కొత్తది సుమారు 6 మీటర్లు, పాతది సుమారు 5.3 మీటర్లు ముందుకు పోతాయి. వినడానికి కొత్తదే గొప్పగా తోస్తుంది. కాని గేర్లు లేని సైకిలుకు మనం ఎంచుకోబోయే ఒకే ఒక గేరు ఇదే శేఖరం, కొన్న తరువాత రోజూ దానితోనే బ్రతకాలి. మలుపు మలుపుకూ ఆగి, నిలబడ్డ చోటినుంచి మళ్ళీ బయలుదేరేవాడికి, ఎత్తు ఎక్కేవాడికి, కొత్తదానిలో పాదం మీద సుమారు ఏడో వంతు బరువు ఎక్కువ పడుతుంది. నిమిషానికి 60 చుట్లు తాపీగా తొక్కినా పాతది గంటకు 19 కిలోమీటర్ల వేగం ఇస్తుంది. నడిచే మనుషుల మధ్య అంతకంటే వేగం ఎవరికి కావాలి?

నువ్వు చూసే సైకిలుకు పళ్ళు లెక్కపెట్టే వీలు లేకపోతే, వెనక చక్రాన్ని నేలమీదనుంచి ఎత్తి, పెడలును చేత్తో ఒక చుట్టు తిప్పి, ట్యూబు వాల్వు ఎన్నిసార్లు చుట్టి వచ్చిందో చూడు. రెండున్నర చుట్ల చుట్టుపక్కల ఉంటే మంచిది. మూడుకు చేరువైతే నీ మోకాళ్ళ తరఫున నేను అభ్యంతరం చెబుతున్నాను. చట్రం, బ్రేకులు బాగుండి గేరు ఒక్కటే బరువుగా ఉన్న సైకిలును వదులుకోనక్కరలేదు. ఫ్రీవీలును, అంటే వెనక పళ్ళచక్రాన్ని, ఊడదీసి ఎక్కువ పళ్ళది వేయించవచ్చు, అది పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన సంగతి. ఫ్రీవీలు లేని ఫిక్స్‌డ్ గేరు సైకిలు తీసుకుంటాననీ, దానికి బ్రేకులే అవసరం లేదనీ ఎవరో నీతో అన్నట్టు వ్రాశావు. చూడటానికి అదీ, సింగిల్ స్పీడ్ అనే మామూలు ఒకే గేరు సైకిలూ ఒకేలా ఉంటాయి కనుక జాగ్రత్తగా చదువు. ఫ్రీవీలు ఉన్నదానిలో మనం కాళ్ళు ఆపితే చక్రం తనంతట తాను దొర్లుతూ పోతుంది. ఫిక్స్‌డ్ దానిలో చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉంటాయి. మలుపులో ఒరిగినప్పుడు పెడలు నేలకు తగలవచ్చు, వాలులో కాళ్ళు దాని వేగాన్ని అందుకోలేకపోవచ్చు. కాళ్ళతో ఎదురు తొక్కి ఆపడం సాధన మీద వచ్చేదే అయినా, ఆపినప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది, వెనక చక్రానికి పట్టు తగ్గుతుంది. అందుకే సైకిలును ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. అది లేకుండా తరగతుల మధ్య విరామంలో దారినిండా మనుషులున్న చోట తిరగడం నీకూ ఎదుటివారికీ ప్రమాదం. ఈ ఒక్క విషయంలో నా మాట విను. కొన్నిటికి వెనక హబ్బుకు ఒకవైపు ఫిక్స్‌డ్, మరొకవైపు ఫ్రీవీలు ఉంటాయి. చక్రాన్ని తీసి తిప్పి బిగిస్తే సరిపోతుంది. అలాంటిదైతే ఫ్రీవీలు వైపే బిగించుకొని, రెండు బ్రేకులూ పెట్టించుకో. చక్రం తిప్పి పెట్టడం పాత పద్ధతే సుమా. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గేరు మార్చే యంత్రాన్ని 1937 దాకా అనుమతించలేదు, అప్పటివరకు అందులో పోటీదారులు కొండ మొదట్లో దిగి వెనక చక్రాన్ని తిప్పి బిగించుకొనేవారు. కొండలనే ఆ విధంగా ఎక్కారంటే, గ్రంథాలయం ముందున్న ఎత్తుకు మనకు గేర్లు కావాలా చెప్పు?

బ్రేకుల గురించి ఇంకొక మాట. సైకిలు చూడటానికి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకొని వెళ్ళు. రిమ్ముకు అది అతుక్కుంటే ఉక్కు రిమ్ము, అతుక్కోకపోతే అల్యూమినియం. మెరుగు పూసిన ఉక్కు రిమ్ములు తడిసినప్పుడు బ్రేకు రబ్బర్లు జారిపోతాయి, పొడిగా ఉన్నప్పటికంటే చాలా దూరం పోయిన తరువాత గాని సైకిలు ఆగదు. అల్యూమినియం ఎంతో నయం. నా ఆకుపచ్చదాని రిమ్ములకు అయస్కాంతం అతుక్కోకపోవడం చూసి నాకు కలిగిన సంతోషాన్ని, అమ్మే అతను బొత్తిగా అర్థం చేసుకోలేకపోయాడు.

ఆ తరువాత దాన్ని తీరిగ్గా పరీక్షించాను. చక్రాన్ని ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు తిరిగినంతసేపూ ఒకేలా ఉన్నదా అని చూశాను. కొద్దిపాటి వంకరను ఊచలు బిగించి సరిచేయవచ్చు, రిమ్మే నొక్కుకుపోతే వద్దనుకోవాలి. పెడలు కడ్డీలను పట్టుకొని అటూ ఇటూ ఊపితే లోపల బేరింగు వదులైనదీ లేనిదీ చేతికే తెలుస్తుంది. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనకకూ ఊపితే హ్యాండిల్ కింద బేరింగు సంగతి బయటపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, హ్యాండిల్ గొట్టానికి వెనకవైపు, చట్రం గొట్టాలు కలిసే చోట అడుగుభాగాన్ని వేలితో తడమాలి. అక్కడ ఉబ్బుగాని, రంగు ముడతలుగాని ఉంటే ఆ సైకిలు దేనినో ఎదురుగా గుద్దుకున్నదని అర్థం; ఎంత చవకగా ఇచ్చినా అది వద్దు. గొలుసుకు స్కేలు చాలు. కొత్త గొలుసులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే గొలుసు మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే పళ్ళు కూడా అరిగి ఉంటాయి కనుక ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగవచ్చు. నా గొలుసు సాగే ఉన్నది, తగ్గించమని అడిగాను, తగ్గించాడు. నువ్వైతే నీ చేపల సంత గొంతు పెట్టి ఇంకా తగ్గించేవాడివి.

వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా, కాస్త పొడవుగా ఉండాలని మరచిపోకు. గొలుసు సాగినప్పుడల్లా చక్రాన్ని వెనక్కు లాగి బిగించే ఏర్పాటు అది. గొలుసును మధ్యలో పట్టి కదిపితే పైకీ కిందికీ కలిపి అరంగుళం ఆడాలి. గేర్లు పీకేసి సింగిల్ స్పీడ్ అని అమ్మే సైకిళ్ళలో చాలావాటికి ఈ గాడి నిలువుగా ఉంటుంది. అప్పుడు గొలుసును బిగువుగా ఉంచడానికి స్ప్రింగు సామాను తగిలించాలి, ఏది వద్దనుకున్నామో అదే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

కొత్తదాన్ని చివరకు తోసిపుచ్చినది మాత్రం మడ్‌గార్డు. దాని చట్రానికి మడ్‌గార్డు బిగించే రంధ్రాలు లేవు, 23 మిల్లీమీటర్ల టైరు తప్ప మరొకటి పట్టేటంత చోటు లేదు, క్యారియరు మాట దేవుడెరుగు. వాన వెలిసిన తరువాత వీపంతా బురద చారతో తరగతిలో కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఆకుపచ్చదానికి 35 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి, గతుకులనూ అరుగు అంచులనూ మెత్తగా దాటిస్తాయి. టైరు పక్కన 35-622 అని అచ్చువేసి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. ఆ రెండవ అంకె 622 అయితే టైర్లు, ట్యూబులు చాలాచోట్ల దొరుకుతాయి, కాబట్టి నువ్వు చూసేదానిమీద కూడా అది చదువు.

ఎత్తు చూసుకోవడం వేరే చెప్పాలా? చట్రం అడ్డగొట్టం మీదుగా నిలబడితే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, గొట్టానికీ నీకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చొని మడమను కింది పెడలుమీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి; అప్పుడు మునివేళ్ళ దగ్గరి భాగంతో తొక్కేటప్పుడు మోకాలు సరిపడా వంగుతుంది.

తాళం మీద మాత్రం పొదుపు చేయకు. పల్చని తీగ తాళాన్ని తీగలు కోసే చిన్న కట్టరుతోనే తెగ్గొట్టవచ్చు. గట్టి యూ ఆకారపు తాళం కొని, చట్రం వెనకవైపు త్రికోణం లోపల పడేటట్టు, వెనక రిమ్మును, పాతిన స్తంభాన్ని కలిపి వేస్తే, చక్రమూ చట్రమూ రెండూ దక్కుతాయి. చక్రాలు నట్లతో బిగించినవైతే మంచిది, మీట తిప్పితే ఊడివచ్చేవి వద్దు. ఆ నట్లకు 15 మిల్లీమీటర్ల పానా సంచీలో ఎప్పుడూ ఉంచుకో, వెనక పంక్చరు అయిన రోజున దాని విలువ తెలుస్తుంది. అమ్మేవారిదగ్గర చట్రం కింద చెక్కిన అంకె వ్రాసిన రసీదు కూడా అడిగి తీసుకో, దొంగసొత్తు మన చేతికి రాకూడదు.

దీపాల సంగతి వ్రాద్దామనుకున్నాను, నేను ఎంచుకున్నది వెనక ఎరుపు, ముందు తెలుపు, కాని వాటిని బిగించే చోటు విషయంలో ఇంకా ఒక సందేహం ఉన్నది, అది తరువాత చెబుతాను, ఎందుకంటే తపాలా పెట్టె తెరిచే వేళ అయిపోతున్నది. నువ్వు చూసినదాని ముందు పళ్ళు, వెనక పళ్ళు, టైరు మీది అంకె, వెనక గాడి అడ్డమో నిలువో, ఈ నాలుగూ వెంటనే వ్రాసి పంపు. నా జవాబు అందేవరకు డబ్బు ఇవ్వకు.

ఇట్లు,
నీ వాసు