కోటతో పాటు భాషా నిలయాన్నీ వారసత్వంగా లెక్కించాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

ఓరుగల్లు వారసత్వ కట్టడాల పరిరక్షణపై మీ పత్రికలో వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. కోట, కీర్తితోరణాలు, వేయిస్తంభాల గుడి గురించి ఎంతో వివరంగా రాస్తున్నారు, సంతోషం. అయితే నూరేళ్లు దాటిన మన గ్రంథాలయాల ఊసు వాటిలో కనబడకపోవడం నన్ను బాధించింది. ఈ సందర్భంలో రుమేనియా దేశంలోని సిబియు అనే పాత నగరం చరిత్రను పాఠకుల ముందు ఉంచదలచాను.

ట్రాన్సిల్వేనియా ప్రాంతంలోని ఈ నగరాన్ని 12వ శతాబ్దంలో హంగరీ రాజుల పిలుపుతో వచ్చి స్థిరపడిన జర్మన్లు కట్టుకున్నారు. 1241లో మంగోలులు దాన్ని ధ్వంసం చేశాక, చుట్టూ అంచెలంచెలుగా గోడలు లేచాయి. ఇంచుమించు అదే కాలంలో ఇక్కడ గణపతిదేవుడు, రుద్రమదేవి ఓరుగల్లు కోటను కట్టించిన సంగతి మనకు తెలిసిందే. సిబియులో బురుజుల బాగోగులను వృత్తిసంఘాలు చూసుకునేవి, అందుకే కుమ్మరుల బురుజు, వడ్రంగుల బురుజు అని ఈనాటికీ వాటిని పిలుస్తున్నారు. ట్రాన్సిల్వేనియా గవర్నరుగా పనిచేసిన బ్రూకెన్‌తాల్ తన భవనంలో పోగుచేసిన చిత్రాలు, పుస్తకాలు 1817లో ప్రజల మ్యూజియంగా మారాయి. వాటిలోని మేలైన చిత్రాలను కమ్యూనిస్టు ప్రభుత్వం 1948లో రాజధాని బుకారెస్టుకు తరలించగా, 2006లో అవి తిరిగి సొంత ఊరికి చేరాయి.

ఇంత ఉన్నా, ఆ నగరం గొప్పతనం నాకు ఎక్కువగా కనిపించేది 1861లో అక్కడ ఏర్పడిన ఒక సంఘంలో. ట్రాన్సిల్వేనియాలో రుమేనియన్ మాట్లాడేవారే అధికసంఖ్యాకులు. అయినా ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గు రాజవంశం పాలనలో అధికారం, పై చదువులు, పట్టణాల్లో పలుకుబడి చాలావరకు జర్మన్, హంగేరియన్ భాషల వారి చేతుల్లోనే ఉండేవి. అటువంటి రోజుల్లో ఆర్థడాక్స్ మతాచార్యుడు ఆంద్రేయ్ షగునా మొదటి అధ్యక్షుడిగా, రుమేనియన్ సాహిత్యం కోసం, ఆ ప్రజల సంస్కృతి కోసం మొదలైన ఆ సంఘాన్నే క్లుప్తంగా ఆస్ట్రా అంటారు. అది గ్రంథాలయాన్ని నెలకొల్పింది, పత్రిక నడిపింది, 1898 నుంచి 1904 వరకు మూడు సంపుటాలుగా మొట్టమొదటి రుమేనియన్ విజ్ఞాన సర్వస్వాన్ని సిబియులోనే వెలువరించింది, 1905లో మ్యూజియాన్నీ తెరిచింది. పాలకుల భాష వేరైనప్పుడు తమ భాషను నిలుపుకోవడానికి సామాన్యులు చేసిన కృషి అది.

ఆ విజ్ఞాన సర్వస్వం పూర్తయిన 1904లోనే మన హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, తెలుగులో చదువుకునే బడులే అరుదైన కాలంలో, తెలుగు పుస్తకం కోసం ఒక చోటు ఏర్పరచడం ఎంత సాహసమో ఈ తరానికి చెప్పవలసి ఉంది. అంతకు ముందే, 1901లో, హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారు తరువాత తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. ఒకరి పేరు ఒకరు విని ఉండని ఈ రెండు దేశాల వారూ ఒకే దారిన నడవడం నన్ను ఎంతగానో కదిలించింది.

ఆస్ట్రాను 1950లో కమ్యూనిస్టు పాలకులు మూయించారు, 1990లో అది మళ్లీ ప్రాణం పోసుకుంది. దాని గ్రంథాలయం నేడు ఆ జిల్లా గ్రంథాలయంగా అదే పేరుతో నడుస్తున్నది. ఆ పేరుతోనే ఉన్న ఆరుబయటి మ్యూజియం, నగరం అంచున డుంబ్రావా అడవిలో, పల్లెల నుంచి తెచ్చి నిలబెట్టిన గాలిమరలను, నీటిమరలను, గానుగలను, చేతివృత్తుల వారి ఇళ్లను కాపాడుతున్నది. 1989లో కమ్యూనిస్టు పాలన కూలిన తరువాత జర్మన్లలో అత్యధికులు వలసపోయినా, మిగిలిన నూటికి ఇద్దరిలోపు వారిలో ఒకరిని 2000లో ఆ ఊరివారు మేయరుగా ఎన్నుకున్నారు. 2007లో సిబియు యూరప్ సాంస్కృతిక రాజధానిగా గౌరవం పొందింది. కట్టడాలతో పాటు భాషను, పనిముట్లను, ఇరుగుపొరుగు జాతుల జ్ఞాపకాన్ని కూడా తమవిగా చూసుకున్నందువల్లనే ఆ గౌరవం వారికి తగినదని నేను నమ్ముతున్నాను.

కాబట్టి మన నగరానికి ఏ వారసత్వ ప్రణాళిక తయారైనా, అందులో భాషా నిలయం వంటి పాత గ్రంథాలయాల మరమ్మతులకు, అక్కడి పాత పుస్తకాలు, పత్రికల డిజిటలీకరణకు నిధులు కేటాయించాలని అధికారులను కోరుతున్నాను. భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలను నేసే కొత్తవాడ మగ్గాలు కూడా ఆ ప్రణాళికలో ఉండాలి. మీ పత్రిక ఉత్తర తెలంగాణలోని పాత గ్రంథాలయాల నేటి స్థితిపై ఒక వ్యాస పరంపర ప్రచురించి, వాటి పాత నివేదికలు, ఛాయాచిత్రాలు తమ ఇళ్లలో దాచుకున్న పాఠకులను వాటిని పంపవలసిందిగా అడిగితే, ఆ పనికి మంచి మొదలు దొరుకుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ