పాటకో ఫైలు చొప్పున ఇవ్వమని ఆదేశించండి

రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

కడప నుంచి నమస్కారాలు. తాళ్లపాక సంకీర్తనలు, బ్రహ్మంగారి తత్వాలు, మా పల్లెల చెక్కభజన పాటలు ఎవరు పాడారో, ఏ రాగమో, ఏ టేపులో ఉన్నాయో చెప్పే వివరాలు డేటాబేసుల్లోకి ఎక్కాలి. ఎక్కితే మంచిదే. కానీ కాంట్రాక్టు ముగిసి, సర్వర్ మూలపడ్డాక వాటిని తెరిచేదెవరు? అందుకే ప్రభుత్వ సొమ్ముతో తయారయ్యే ప్రతి సంగీత క్యాటలాగునూ రికార్డుకో టెక్స్ట్ ఫైలు చొప్పున కూడా అప్పగించాలని టెండరులోనే రాయించండి.

దీన్ని ఎక్సెల్ మీదుగా చేయనివ్వకండి. 000417 అనే ప్రవేశ సంఖ్యను (రికార్డును నమోదు చేసినప్పుడు ఇచ్చే నంబరును) అది 417 చేస్తుంది. 4:35 నిమిషాల పాటను 4 గంటల 35 నిమిషాలుగా లెక్కేస్తుంది. ఒక గడిలో 32,767 అక్షరాలకు మించి పట్టవు. చిన్న స్క్రిప్టుతో డేటాబేసు నుంచి నేరుగా ఒక్కో వరుసా చదివి, యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతిలో) ఒక్కో ఫైలు రాయించాలి. పైన రాగం, తాళం, గాయకులు, టేపు సంఖ్య వరుసకొకటి. ఒక ఖాళీ వరుస వదిలి సాహిత్యం. రాగం తెలియకపోతే ఆ వరుసను తీసేయకుండా ఖాళీగా ఉంచాలి.

అసలు నష్టం జరిగేది పట్టికలను కలిపే చోట. రెండు పట్టికల్లోనూ ఉన్నవాటినే తెచ్చే ఇన్నర్ జాయిన్ వాడితే రాగం నమోదు కాని పాటలు చప్పుడు లేకుండా రాలిపోతాయి. పాటల పట్టికలోని అన్నిటినీ నిలిపే లెఫ్ట్ జాయిన్ వాడాలి. అప్పుడు కూడా ఒక పాటకు ముగ్గురు గాయకులుంటే మూడు వరుసలొస్తాయి. అదే ఫైలును మూడుసార్లు రాస్తే చివరి పేరొక్కటే మిగులుతుంది. చరణాలు వేరే పట్టికలో ఉంటే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరులో గ్రూప్ కాన్‌క్యాట్‌తో (చాలా వరుసలను ఒకే పాఠంగా చేర్చే ఆదేశంతో) కలుపుతారు. దాని మామూలు పరిమితి 1,024 బైట్లు. తెలుగు కోడు (అక్షరం, గుణింతం, పొల్లు గుర్తులు దేనికది) ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 341 కోడ్లకే సాహిత్యం తెగిపోతుంది. వచ్చేది హెచ్చరికే తప్ప పని ఆగదు, కాబట్టి ఎవరూ గమనించరు. ముందే ఆ పరిమితిని పెంచుకోవాలి.

ఫైలు పేరుగా పల్లవి పెట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒకే సంకీర్తనను ఇద్దరు పాడితే ఒకదాని మీద ఒకటి పడిపోతుంది. పైగా లినక్స్‌లో పేరుకు 255 బైట్లే. ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు. ఆరంకెల ప్రవేశ సంఖ్యే పేరు కావాలి, పల్లవి ఫైలు లోపల ఉండాలి.

యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేసిన పాత వివరాలను ముందుగా యూనికోడ్‌లోకి మార్చకపోతే ఫైలు నిండా అర్థంలేని గుర్తులే వస్తాయి. మార్చాక ఒత్తులు తెలిసినవారు చదివి సరిచూడాలి. ఈ పనికి తెలుగు పండితులకు వేతనం కేటాయించండి, దయచేసి దీన్ని కంప్యూటర్ ఆపరేటరు మీదికి నెట్టకండి.

బిల్లు చెల్లించే ముందు డేటాబేసులోని రికార్డుల సంఖ్య, ఫైళ్ల సంఖ్య సమానమో లేదో చూడాలి. సున్నా బైట్ల ఫైళ్లు, అక్షరాల బదులు వరుసగా ప్రశ్నార్థకాలున్న ఫైళ్లు వెతకాలి. అన్నిటికంటే పొడవైన 20 పాటలను చివరి చరణం దాకా మూలంతో పోల్చాలి. అన్ని ఫైళ్ల చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) జాబితాతో ఒక ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, మరొకటి వేరే ఊళ్లో ఉంచేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
సంగీత క్యాటలాగు పనిచేసేవాళ్లం, కడప