మెదడు సంగతి సరే, మాస్టారేరీ?

సంపాదకులకు నమస్కారం.

పదిహేను రోజుల క్రితం మీ ఆదివారం అనుబంధంలో 'వీణ వింటే పసివాడి మెదడుకు పదును' అని, చంటిబిడ్డకి ఇంతేసి హెడ్‌ఫోన్స్ తగిలించిన ఫొటోతో వేశారు. కోతల హడావుడిలో ఆలస్యమైంది గానీ రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ పేజీ పట్టుకుని మా పక్కింటావిడ వచ్చింది. కడుపుతో ఉన్న కూతురికి ఏ రాగం పెట్టమంటారు మాస్టారూ అని! నేను చెప్పింది ముప్పై ఏళ్లు లెక్కలండీ.

వినడం వేరు, నేర్చుకోవడం వేరు. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మొజార్ట్ అనే పాశ్చాత్య విద్వాంసుడి సంగీతం వినిపిస్తే, మడిచి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం లాంటి ప్రశ్నలు కాస్త బాగా చేశారు. ఆ ఊపు పావుగంటలో దిగిపోయింది. అయినా 1998లో అక్కడి జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకీ సర్కారు డబ్బుతో సంగీతం పంచుతానని లేచాడు. ఇలాంటి నాయకులు మనకే అనుకునేవాణ్ణి.

నేర్చుకుంటే? టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లల మీద చేసి 2004లో ప్రచురించిన పరిశోధన ఉంది. సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ 7 పాయింట్లు పెరిగింది. నేర్వనివాళ్లకీ 4 పైనే పెరిగింది, బడిలో పడ్డారు కదా. తేడా మూడు లోపే. 2020లో 54 పరిశోధనలు కలిపి చూసినవాళ్లయితే, పకడ్బందీగా చేసినవాటిలో ఆ పాటి లాభమూ కనబడలేదన్నారు. ఏడేళ్ల లోపు మొదలుపెట్టిన వాద్యకారులకి మెదడు రెండు సగాల్నీ కలిపే వంతెన ముందు భాగం పెద్దగా ఉందని 1995లో తేలిన మాట నిజమే. దాంతో ఎంసెట్ ర్యాంకు వస్తుందని మాత్రం ఆ పరిశోధకులు అనలేదు.

మా మనవరాలు వయొలిన్ నేర్చుకుంటోంది. తొలి పాఠాలైన సరళీ వరసలు మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, పాడుతూ వేళ్లు లెక్కపెట్టి తాళం వేయాలి. దెబ్బకి నాలుగు స్వరాలు. చిటికెన వేలి దగ్గర తప్పుతుంది, నాలుక కరుచుకుని మళ్లీ మొదటికొస్తుంది. గంట సేపు ఫోను అడగదు. భిన్నాల్లో మార్కులు నిరుడెంతో ఈ ఏడూ అంతే. నాకేం బెంగ లేదు.

నా బెంగల్లా ఆ పాఠం కోసం దాన్ని ఆటోలో పక్క ఊరు తిప్పాల్సి రావడం. గాయకుడు బాలమురళి పుట్టిన శంకరగుప్తం మన కోనసీమదే, వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి పుట్టిన ద్రాక్షారామం గోదావరి అవతలే. మా హైస్కూల్లో సంగీతం టీచరు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఆ పీరియడ్ ఫిజిక్స్‌కి పోయింది. అర్జీ పెడితే పై ఆఫీసుకి పంపామన్నారు, పై ఆఫీసులో కిందికే తిప్పి పంపామన్నారు. గుళ్లో సన్నాయి మేళం పోయి కరెంటు డోలు వచ్చింది, కరెంటు పోతే దేవుడికీ నిశ్శబ్దమే. వార్షికోత్సవానికి మాత్రం డీజేకి చందాలు దండిగా.

బడి స్టోర్ రూమ్‌లో ఒక వీణ ఉండాలి, నేను చూడగా రెండు తీగలు తెగి ఉంది. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఒక్కరూ చెప్పడం లేదు. మీ విలేఖరిని పంపి కనీసం అది కనుక్కుని వేయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, కోనసీమ