ఆ హాలును కూల్చే ముందు బాల్కనీ మెట్లెక్కి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

కర్నూలు పాతబస్తీలో మా వీధి మలుపున ఉన్న పాత సినిమా హాలును కూల్చి దుకాణాలు కట్టబోతున్నారని తెలిసింది. స్థలం యజమానులది, వారి హక్కును నేను కాదనను. కానీ అనుమతి ఇవ్వవలసింది నగరపాలక సంస్థ కనుక అధికారులకు చేరాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 మధ్య కట్టిన హాలు అది. ప్రభుత్వ కార్యాలయాలే డేరాల్లో నడిచిన రోజులు. ఆ డేరాల్లో పగలంతా ఫైళ్లు రాసిన గుమాస్తాలు సాయంత్రం మొదటి ఆటకు వరుస కట్టేవారట. ఆ మాట చెప్పిన మా నాన్నగారు తర్వాతి కాలంలో అక్కడే ఆపరేటర్‌గా పనిచేశారు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకే అయిపోతుంది. ఆలోగా రెండో ప్రొజెక్టరుకు తర్వాతి రీలు ఎక్కించాలి, తెర మీద బొమ్మకు వెలుగునిస్తూ మండి అరిగిపోతున్న కార్బన్ కడ్డీలను దగ్గరకు జరుపుతూ ఉండాలి. ఆట నడుస్తుండగా ఆయన కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

ఆటలు ఆగిపోయాక హాలును కొన్నాళ్లు పెళ్లిళ్లకు ఇచ్చారు. నేల వాలుగా ఉండటంతో భోజనాల బల్లలు సరిగా నిలిచేవి కావు, ఆ బేరం సాగలేదు. చివరికి ఉల్లిగడ్డల గోదాము అయింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు కాపలా మనిషి తాళం తీసి మా వీధివాళ్లందరినీ బాల్కనీలోకి పంపాడు. కింద నేల తరగతిలో ఉల్లి బస్తాలు తేలుతున్నాయి. నడవలేని ముసలమ్మను నులకమంచంతో సహా నలుగురు మోసుకొచ్చారు. బాల్కనీకి వీధి నుంచే వేరే మెట్లు ఉన్నాయి, మంచం ఎక్కడా తగలకుండా పైకి వచ్చింది. ప్రొజెక్టరు దిమ్మె మీద దుప్పటి పరిచి పసిబిడ్డను పడుకోబెట్టాం. జనం తొక్కిసలాట లేకుండా బయటపడాలని సినిమా హాళ్లకు అంత వెడల్పు మెట్లు అడుగుతారని నాన్నగారు ఆ రాత్రే చెప్పారు. సినిమా హాళ్ల నియంత్రణ చట్టం వచ్చింది కూడా 1955లో, మన ఊరు రాజధానిగా ఉండగానే.

కొండారెడ్డి బురుజుకు ప్రభుత్వ రక్షణ ఉంది, ఉండాలి కూడా. మా పల్లపు వీధిలో వందమంది ఎక్కి నిలబడగల ఎత్తైన చోటు మాత్రం ఇదొక్కటే. ఇంజనీర్లు వచ్చి గోడలు, పైకప్పు పరీక్షించాలి. గట్టిగా ఉంటే సంస్థ దీన్ని అద్దెకు తీసుకోవచ్చు. మామూలు రోజుల్లో నాటకాలకు, సభలకు వాడుకోవచ్చు, వరద వస్తే తలుపులు తెరవచ్చు. కూల్చక తప్పదంటే, కొత్త కట్టడంలోనూ వీధి నుంచి నేరుగా ఎక్కే వెడల్పు మెట్లు, వరదవేళ అందరికీ తెరిచే మేడగది ఉండాలని అనుమతి పత్రంలోనే రాయించాలి.

ప్రొజెక్టరు ఇంకా పై గదిలోనే ఉంది. దాన్ని పాత ఇనుము కింద తూచి అమ్మవద్దని యజమానులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పాతబస్తీ, కర్నూలు