నీటి పరీక్ష చీటీలో భాస్వరం ఏదీ?

సంపాదకుడికి నమస్కారం.

రొయ్యల సాగు గురించి పత్రికలకెక్కేవి మేత ధర, కరెంటు బిల్లు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే కౌంటు రేటు. కానీ రొయ్య కంటే ముందు రైతు పండించాల్సింది నీటిలోని సూక్ష్మ నాచును, మేం ప్లాంక్టన్ అనే దాన్ని. దాని సంగతి పట్టించుకునే నాథుడు లేడు.

రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలో ఈ నాచు సాగు లెక్క ప్రకారమే నడుస్తుంది. జోయియా అనే తొలి దశ పిల్లలకు వేసే కీటోసిరాస్ అనే డయాటమ్‌ను (గాజులాంటి గుల్ల ఉండే ఒక రకం సూక్ష్మ నాచు) పెంచడానికి విరివిగా వాడే ఎఫ్/2 అనే పోషక ద్రావణంలో లీటరుకు సోడియం నైట్రేట్ 75 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ లవణం 5, సిలికేట్ 30 ఉంటాయి. డయాటమ్ గుల్ల కట్టేది సిలికాతోనే. అది అయిపోతే మిగతావి ఎంత ఉన్నా పెరుగుదల ఆగిపోతుంది. నత్రజని చాలకపోతే కణాలు పాలిపోతాయి, మాంసకృత్తులు తగ్గి కొవ్వో పిండిపదార్థమో పేరుకుంటుంది.

అదే పిల్లను చెరువులో వదిలాక లెక్క గాలికి పోతుంది. నాచు పెరిగితే వచ్చే రంగు నీటికి రాలేదా, ఇంకో బస్తా డీఏపీ ఎరువు! 50 కిలోల డీఏపీలో నత్రజని 9 కిలోలు, మూలక రూపంలో భాస్వరం సుమారు 10 కిలోలు. నాచుకు కావలసిన నత్రజని బరువులో భాస్వరానికి దాదాపు ఏడు రెట్లు. భాస్వరంలో చాలా భాగాన్ని అడుగు మట్టి పట్టేస్తుంది, మేత వ్యర్థాల నుంచి కొంత నత్రజని కలుస్తుంది కాబట్టి చెరువులో లెక్క ఇంత సూటిగా ఉండదు, నిజమే. అయినా భాస్వరం మిగిలి నత్రజనికి కరువొస్తే, గాలిలోని నత్రజనిని వాడుకోగల అనబీనా వంటి నీలి ఆకుపచ్చ నాచుకు పండగ. గాలివాటున గట్టు మూలకు చేరి పెయింటు ఒలికినట్టు తేలేది ఇలాంటి నాచే. అది ఒక్కసారిగా చచ్చిందంటే తెల్లవారేసరికి ఆక్సిజన్ పడిపోయి, నీటికి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరుగుతున్నా రొయ్యలు గట్టుకు చేరతాయి.

డీఏపీ బస్తా మీద కనీసం 18-46-0 అని ఉంటుంది, అంటే నత్రజని 18 శాతం, భాస్వరం ఆక్సైడ్ రూపంలో 46 శాతం, పొటాష్ సున్నా. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 పుణ్యమది. నీటికి రంగు తెప్పిస్తుందని నాకు అంటగట్టిన డబ్బా మీద నిగనిగలాడే రొయ్య బొమ్మ, ‘ఖనిజాల మిశ్రమం’ అన్న రెండు మాటలు ఉన్నాయి. నత్రజని ఎంతో, సిలికా అసలు ఉందో లేదో కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. పోనీ పరీక్ష చేయిద్దామంటే, నాకు వచ్చే చీటీలో పీహెచ్, ఉప్పుదనం, ఆల్కలినిటీ, అమ్మోనియా ఉంటాయి గానీ భాస్వరం గడే లేదు.

చెరువులో వేసే ప్రతి సరుకు డబ్బా మీద పోషకాల శాతం తప్పక అచ్చు వేయించాలి. ప్రభుత్వ ల్యాబుల చీటీలో నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా చేర్చాలి. పనిలో పనిగా చుక్క నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, డయాటమ్‌లు ఎక్కువో నీలి ఆకుపచ్చ నాచు ఎక్కువో రాసిచ్చినా మాకు సగం దిగులు తీరుతుంది. వచ్చే పంటకు చెరువులు నింపేలోగా మత్స్యశాఖ ఈ పని చేయాలని కోరుతున్నాను.

– ఒక రొయ్యల రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా