తాబేలు డిజైన్ వస్తోంది, ధర కూడా కాస్త పెరుగుతోంది

అందరికీ నమస్కారం. జగదాంబ దగ్గరున్న మన టీషర్టుల షాపు నుంచి రెండు కబుర్లు. ఒకటి మీకు నచ్చేది, ఇంకోటి నచ్చకపోవచ్చు.

మన షర్టుల మీద వేసే, ఓడల్లో పెరిగిన జంతువుల బొమ్మల్లో సిన్‌బాద్‌కే గిరాకీ ఎక్కువ. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, అది అమెరికా కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) ఓడ క్యాంప్‌బెల్‌లో ఉన్న నాటు కుక్క. పంజా ముద్ర వేయించి మరీ సిబ్బందిలో చేర్చుకున్నారు. 1943 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామితో పోరులో ఓడ బాగా దెబ్బతింది. చాలామందిని వేరే ఓడ ఎక్కించారు. సిన్‌బాద్‌ని మాత్రం, అది ఉంటే ఓడకేమీ కాదన్న నమ్మకంతో, అక్కడే ఉంచుకున్నారు. షిప్పుల్లో పనిచేసేవాళ్లు ఆ బొమ్మ ఎందుకు కొంటారో నాకు బాగా అర్థమవుతుంది.

"మరి మన వైజాగ్ జంతువు ఏదండీ?" అని చాలామంది అడిగారు. ఆలివ్ రిడ్లీ తాబేలు, మన తీరంలో ఇసుకలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేలు. వచ్చే నెల నుంచి దొరుకుతుంది. ఇది ఓడల్లో పెంచుకున్న జంతువు కాదు, మనం కాపాడాల్సినది. నీళ్లలోనే బతికినా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. ట్రాల్ వలలో, అంటే మరపడవ వెనక లాక్కెళ్లే పెద్ద వలలో, ఎక్కువసేపు చిక్కుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే ఒడిశా తీరంలో మన కోస్ట్ గార్డ్ ఏటా ఆపరేషన్ ఒలీవియా పేరుతో ఓడలు, విమానాలతో గస్తీ తిరుగుతుంది. ఆ పని చేసేవాళ్లకి మన తరఫున ఈ డిజైన్.

సిన్‌బాద్, తాబేలు రెండూ ఒకే షర్టు మీద కావాలని కొందరు కోరారు. వేయనండి. నాకు కుక్కలంటే ప్రాణం. కానీ ఇక్కడ ఇసుక తవ్వి తాబేలు గుడ్లు తినేసేవి వీధి కుక్కలే. అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి, కంచె వేసిన హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదిలేది అందుకే. ఆ రెండింటినీ పక్కపక్కన స్నేహితుల్లా చూపించడానికి నాకు మనసొప్పదు. పిల్లాడు తాబేలు పిల్లని చేత్తో పట్టుకున్న బొమ్మా వేయను. చూసి నిజంగా పట్టుకుంటారు.

ఇక ధర. షర్టుకి 50 రూపాయలు పెరుగుతుంది. ప్రింట్ తీసేసి ఎంబ్రాయిడరీకి మారుతున్నాం. ఉతికేకొద్దీ బొమ్మ పెచ్చులూడుతోందని మీరే చెప్పారు కదా. కూలి, దారం ఖర్చు ఎక్కువ, నా మీద వేసుకునే స్థోమత ఇప్పుడు లేదు. ప్లాస్టిక్ కవర్లు కూడా ఆపేశాం. నీళ్లలో తేలే కవరుని జెల్లీఫిష్ అనుకుని తాబేళ్లు మింగేస్తాయి. తాబేలు బొమ్మని ఆ కవర్లోనే పెట్టి అమ్మడం నావల్ల కాదు. కాగితం సంచీలో ఇస్తాం, వానాకాలం చేతిసంచీ తెచ్చుకోండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకి పాత ధరే. పిల్లల సైజులు మాత్రం కాస్త ఆలస్యమవుతాయి. కావాల్సినవాళ్లు ముందుగా ఫోన్ చేసి రండి.